మాల తీశాక కూడా బూట్లు వేసుకోబుద్ధి కావట్లేదు, ఉత్తకాళ్లతో పరుగు మొదలుపెట్టొచ్చా?

నిజాంపేట కుర్రాడు | జనవరి 6, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. వయసు 34, బరువు 81 కిలోలు, కూర్చుని చేసే ఉద్యోగం. రెండేళ్లుగా వారానికి మూడుసార్లు బూట్లతో 5 కిలోమీటర్లు పరిగెడుతున్నాను. 33 నిమిషాలు పడుతుంది. గొప్పగా చెప్పుకోడానికి ఏమీ లేదు.

మొన్న కార్తీకంలో మాల వేసుకున్నాను. 41 రోజులు చెప్పుల్లేవు. ఆఫీసుకి కూడా అలాగే వెళ్లాను. మొదటి వారం పార్కింగ్ దగ్గర కంకర మీద నడవాలంటే ప్రాణం పోయేది. మూడో వారానికి అదే కంకర మీద ఫోన్ మాట్లాడుకుంటూ నడిచేశాను. డిసెంబరు ఆఖర్లో శబరిమల వెళ్లొచ్చి మాల తీశాక బూట్లు వేసుకుంటే కాళ్లకి ఇటుకలు కట్టినట్టు ఉంది. వేళ్లన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు ఇరుకు.

నిన్న మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉత్తకాళ్లతో రెండు రౌండ్లు ఉరికి చూశాను. అసలు చప్పుడే రాలేదు. వాచ్‌మన్ వెనక్కి తిరిగి చూసి ఉలిక్కిపడ్డాడు. చిన్నప్పుడు స్కూల్ గ్రౌండ్‌లో పరిగెత్తినట్టే అనిపించింది.

నా ప్రశ్న ఒక్కటే. అరికాళ్లు ఎలాగూ గట్టిపడ్డాయి కదా, నేరుగా 5 కిలోమీటర్లు ఉత్తకాళ్లతో పరిగెత్తొచ్చా?

గ్రౌండ్ అన్న (వరంగల్) | జనవరి 6, రాత్రి 10:52

స్వామీ, ముందు టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నావో చూసుకో. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

గోదారి గట్టు (రాజమండ్రి) | జనవరి 7, ఉదయం 7:15

ఆరేళ్లుగా చెప్పుల్లేకుండానే పరిగెడుతున్నానండి, ఆ అనుభవంతో చెబుతున్నాను. పరిగెత్తొచ్చు. కానీ మీరు అనుకున్నట్టు కాదు.

తోలు గట్టిపడింది కాబట్టి కాలు తయారైపోయిందని అనుకుంటున్నారు చూశారా, అక్కడే ఉందండి తిరకాసు. తోలు నెల్లాళ్లలో మారుతుంది. పిక్కలకి రెండు మూడు నెలలు కావాలి. మడమ వెనక తాడులా తగిలే ఆ నరానికి, పాదం మధ్యలో వేళ్ల దాకా వచ్చే సన్నటి పొడుగు ఎముకలకి అంతకంటే ఎక్కువే పడుతుంది. మాలలో మీరు నడిచారు, పరిగెత్తలేదు. నడిచేటప్పుడు ఏదో ఒక కాలు నేల మీదే ఉంటుంది. పరుగులో ప్రతి అడుగుకీ గాల్లోంచి దిగుతాం. ఒంటి బరువుకి రెండింతలు పైనే ఒక్క కాలి మీద పడుతుంది.

మామూలుగా కొత్తవాళ్లని వాళ్ల అరికాళ్లే కాపాడతాయండి. అర కిలోమీటరు వెళ్లేసరికి మండిపోతాయి, ఆగిపోతారు. లోపలి ఎముకలకి దెబ్బ తగిలేంత దూరం తోలు వాళ్లని వెళ్లనివ్వదు. మీకు ఆ అలారం మాలలోనే మూగబోయింది. అందుకే మామూలు కొత్తవాళ్ల కంటే మీ గురించే నాకు భయం.

నా మాట వింటే ఇలా చెయ్యండి. మీ బూట్ల పరుగు మీరు మానొద్దు. ఒక కిలోమీటరు తగ్గించుకుని, ఆఖర్లో బూట్లు విప్పి చేత్తో పట్టుకుని నున్నటి సీసీ రోడ్డు మీద 300 మీటర్లు పరిగెత్తండి. అంతే, ఇంటికెళ్లిపోండి. ఇంకా పరిగెత్తాలనిపిస్తుంది, అయినా ఆగాలి. రోజు విడిచి రోజు. రెండు వారాలయ్యాక పిక్కలు ఏమంటున్నాయో చూసి ఇంకో 200 కలపండి.

గడ్డి మీద నేర్చుకోవాలని చాలామంది అనుకుంటారు. నేను వద్దంటాను. మెత్తగా ఉంటే కాలు ఎలా వేసినా చెల్లిపోతుంది, తప్పు తెలియదు. పైగా గడ్డిలో ఏముందో కనపడదు. గట్టి నేల మీద తప్పుగా వేస్తే ఆ అడుగులోనే తెలుస్తుంది.

అడుగు ఎలా వెయ్యాలంటే, మా వైపు జాతరలో నిప్పుల గుండం తొక్కేవాళ్లని చూడండి. వాళ్ల ధ్యాసంతా కాలు వెయ్యడం మీద కాదు, ఎత్తడం మీద ఉంటుంది. అలాగే చిన్నచిన్న అడుగులు, మోకాలు కాస్త వంచి, కాలు ఒంటి కిందే పడాలి. ముందుకు చాచి మడమ మీద దిగకూడదు. అలాగని మడమ గాల్లోనే ఉంచి మునివేళ్ల మీద పరిగెత్తకండి, ఇది అందరూ చేసే తప్పు. ముందుపాదం తాకాక మడమ కూడా మెత్తగా ఆనాలి. లేకపోతే పిక్కలు వారంలో చేతులెత్తేస్తాయి.

అర నిమిషంలో కుడికాలు ఎన్నిసార్లు నేలని తాకిందో లెక్కపెట్టుకోండి. 43, 45 అలా వస్తే బాగున్నట్టు. 38 వస్తే అంగలు మరీ పెద్దవి.

బూటే ముద్దు | జనవరి 7, ఉదయం 9:30

ప్రతి ఏడాదీ ఈ ముచ్చట ఒకసారి వస్తుంది. మా తాతలు చెప్పుల్లేకుండా తిరిగారు, నిజమే. వాళ్ల కాళ్ల పగుళ్లు చూశారా? మట్టిలోంచి అరికాలి గుండా ఒంట్లోకి పోయే కొంకి పురుగులు, వాటితో వచ్చే రక్తహీనత సంగతేంటి? చెప్పులు కొనుక్కోలేక నడిచారు గానీ ఆరోగ్యం కోసం కాదు.

పైగా ఇదంతా అమెరికాలో వచ్చి పోయిన ఫ్యాషన్. ఉత్తకాళ్లతో పరిగెత్తినట్టే ఉంటుందంటూ ఐదు వేళ్ల బూట్లు (ఒక్కో వేలికి విడిగా తొడుగు ఉండే పల్చటివి) అమ్మిన వైబ్రమ్ కంపెనీ 2014లో 37.5 లక్షల డాలర్లు కట్టి కేసు సెటిల్ చేసుకుంది. పాదాలు బలపడతాయి, గాయాలు తగ్గుతాయి అని ప్రకటనల్లో చెప్పినదానికి ఆధారం లేదన్నదే ఆ కేసు.

గోదారి గట్టు | జనవరి 7, ఉదయం 10:05

కేసు నిజమేనండి. తప్పు చేశామని వాళ్లు ఒప్పుకోలేదు, డబ్బు కట్టి వదిలించుకున్నారు. కానీ అదీ బూట్ల కంపెనీ గొడవేగా! నా కాళ్లని నాకెవరూ అమ్మలేదు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో అబెబె బికిలా మారథాన్ మొత్తం ఉత్తకాళ్లతో పరిగెత్తి 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచాడు. అప్పటికి అది ప్రపంచ రికార్డు.

బూటే ముద్దు | జనవరి 7, ఉదయం 10:20

అదే బికిలా నాలుగేళ్ల తర్వాత టోక్యోలో బూట్లు వేసుకుని 2:12:11లో గెలిచాడు. మూడు నిమిషాలు తగ్గింది. అది మాత్రం ఎవరూ చెప్పరు.

గోదారి గట్టు | జనవరి 7, ఉదయం 10:31

😄 ఇది మీకే వదిలేస్తున్నానండి.

గ్రౌండ్ అన్న | జనవరి 7, మధ్యాహ్నం 1:10

మీరిద్దరూ ఒలింపిక్స్ దాకా పోయిన్రు. నేను కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి పిల్లలను తయారు చేస్త. 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో కొట్టాలె. ఊళ్ల నుంచి వచ్చే పిల్లల్లో సగం మంది ఉత్తకాళ్లతోనే ఉరుకుతరు. బూట్లు ఇస్తే టైమింగ్ పడిపోతుంది, అలవాటు లేక. వాళ్లకు ఏం కాదు, ఎందుకంటే చిన్నప్పటి నుంచి పొలం గట్ల మీద ఉరికిన కాళ్లవి.

నోటిఫికేషన్ పడ్డాక హాస్టల్ నుంచి వచ్చి, పక్కోడు ఉత్తకాళ్లతో ఉరుకుతున్నడని బూట్లు విప్పేసే పిల్లలు ఉంటరు. మూడో వారానికి మోకాలి కింద ముందెముక పట్టుకుని కూసుంటరు. నాకు ఇది ప్రతిసారీ అనుభవమే. కాలు ఒకటే, దాని వెనక ఉన్న ఇరవై ఏళ్లు వేరు.

ఇంకో సంగతి. ఈ సీజన్‌ల గ్రౌండ్‌కు పోతే పల్లేరు కాయలు చూసుకో స్వామీ. ఎండి నేల రంగులో కలిసిపోయి ఉంటయి. ఎట్ల పడ్డా ఒక ముల్లు పైకే ఉంటది. దాని ముంగట నీ 41 రోజుల అరికాలు ఏం పనిచెయ్యదు.

ఫిజియో అక్క (విజయవాడ) | జనవరి 7, రాత్రి 9:45

బూటే ముద్దు గారు, గోదారి గారు ఇద్దరూ సగం సగం కరెక్టే. నేను వారానికి ఇద్దరు ముగ్గురు రన్నర్ల కాళ్లు చూస్తాను కాబట్టి చెబుతున్నాను.

ఈ ఊపుకి బలం వచ్చింది 2010లో. హార్వర్డ్‌లో డేనియల్ లీబర్‌మన్ బృందం 'నేచర్' పత్రికలో ఒక పేపర్ వేసింది. అలవాటుగా ఉత్తకాళ్లతో పరిగెత్తేవాళ్లు ఎక్కువగా ముందుపాదం మీద దిగుతారు, మడమ మీద దిగినప్పుడు వచ్చే ఆ మొదటి కుదుపు వాళ్లలో దాదాపు కనపడదు అని తేల్చారు. అంతవరకే. దీనివల్ల కొన్ని గాయాలు తగ్గొచ్చేమో అని ఆ పేపర్ ఊహగా అంది గానీ నిరూపించలేదు, చదివినవాళ్లు తేలిపోయిందనుకున్నారు. 2013లో కెన్యా ఉత్తరాన దాసనాచ్ అనే తెగ మీద ఇంకో పరిశీలన వచ్చింది. వాళ్లు పుట్టినప్పటి నుంచీ చెప్పులు వేసుకోనివాళ్లే. తమకి హాయిగా ఉండే వేగంలో పరిగెత్తినప్పుడు వాళ్లలో ఎక్కువమంది మడమ మీదే దిగారు! కాబట్టి ప్రకృతి ఇలా చెప్పింది, అలా చెప్పింది అని ఎవరూ గట్టిగా వాదించకండి.

నిజాంపేట తమ్ముడికి పనికొచ్చేది మూడోది. అదే 2013లో అమెరికాలో మామూలు బూట్ల రన్నర్లని కొందరిని పది వారాల్లో మెల్లగా ఐదు వేళ్ల బూట్లకి మార్చి, ముందూ వెనకా పాదాలకి ఎంఆర్ఐ తీశారు. మారినవాళ్లలో సగానికి పైగా మందికి పాదం ఎముకల లోపల నీరు చేరడం పెరిగింది. ఎముక మీద తట్టుకోలేనంత భారం పడుతోందనడానికి అది గుర్తు. నెమ్మదిగా మారితేనే ఇలా ఉంది. నువ్వు నేరుగా 5 కిలోమీటర్లు అంటున్నావు.

భారం పోదు తమ్ముడూ, చోటు మారుతుంది. మడమ ఎత్తు బూట్లలో మోకాలి మీద పడేది, బూట్లు విప్పాక పిక్క, మడమ నరం, ముందుపాదం మీదకి వస్తుంది. మోకాళ్ల నొప్పి ఉన్న కొందరికి ఇది నిజంగానే మేలు చేస్తుంది. మడమ నరం ఇప్పటికే పట్టేసి ఉన్నవాళ్లకి కీడు.

ఒక చిన్న పరీక్ష చేసుకో. గోడకి వేలు ఆనించి, ఒంటికాలి మీద నిలబడి మడమ ఎత్తి దించు. ఆపకుండా 25 వస్తే అప్పుడు 300 మీటర్ల సంగతి ఆలోచిద్దాం.

నిజాంపేట కుర్రాడు | జనవరి 7, రాత్రి 10:15

అక్కా, ఇప్పుడే చేశాను. కుడి 14, ఎడమ 11. పన్నెండోదానికి కాలు వణికిపోయి టీవీ స్టాండ్ పట్టుకున్నాను. మా ఆవిడ నవ్వుతోంది.

ఫిజియో అక్క | జనవరి 7, రాత్రి 10:18

ఆవిణ్ణి కూడా చెయ్యమను. 🙂 రోజూ రెండు పూటలా చెయ్యి. మోకాలు నిటారుగా పెట్టి కొన్ని, కాస్త వంచి కొన్ని. రెండూ వేర్వేరు కండరాలు.

బీచ్ రోడ్ భాను (విశాఖ) | జనవరి 8, ఉదయం 6:50

ఆర్కే బీచ్ దగ్గర ఉన్నవాళ్లకి ఒక మాట. ఉత్తకాళ్లంటే అందరూ ముందు ఇసుకలోకే దిగుతారు. నేనూ అదే చేశాను. పొడి ఇసుకలో మడమ దిగిపోతుంది, పిక్క అంతకంత సాగుతుంది, రెండో రోజు మంచం దిగలేకపోయాను. అలలు తడిపి వెళ్లిన గట్టి ఇసుక బాగుంటుంది గానీ అది సముద్రం వైపు వాలుగా ఉంటుంది. ఒకే వైపు వెళ్తే ఒక కాలు పల్లంలో, ఒక కాలు మెరకలో. నాకు ఎడమ తుంటి పట్టేసింది. వెళ్లినంత దూరం వెనక్కి కూడా ఇసుక మీదే రండి, అప్పుడు రెండు కాళ్లకీ సమానం అవుతుంది. జాలర్ల వలలు ఆరేసే చోట గాలం ముళ్లు ఉంటాయి, అక్కడ మాత్రం రోడ్డెక్కేయండి.

పెద్దాయన 58 (ఒంగోలు) | జనవరి 8, ఉదయం 11:00

చర్చ బాగుంది. నేను రిటైరై రెండేళ్లు. రోజూ 4 కిలోమీటర్లు నడుస్తాను. షుగర్ 12 ఏళ్లుగా ఉంది, మందులతో అదుపులోనే ఉంది. నేల మీద ఉత్తకాళ్లతో నడిస్తే అరికాళ్లలో రక్తప్రసరణ బాగుంటుందని వాట్సాప్‌లో చూశాను. మెల్లగా నేను కూడా ప్రయత్నించవచ్చా?

ఫిజియో అక్క | జనవరి 8, ఉదయం 11:20

వద్దు బాబాయ్ గారూ. దయచేసి వద్దు. ముందు డాక్టర్ దగ్గర పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోండి. సన్నటి నైలాన్ దారం లాంటిది అరికాలి మీద అక్కడక్కడా ఆనించి, మీకు తెలుస్తోందా అని అడుగుతారు. నొప్పేమీ ఉండదు, ఐదు నిమిషాల పని. అది అయ్యేదాకా ఇంట్లో కూడా చెప్పులు వదలకండి.

గోదారి గట్టు | జనవరి 8, ఉదయం 11:34

అక్క చెప్పిందే నా మాట కూడానండి. షుగర్ ఉన్నవారు ఈ చర్చని కథలా చదివి వదిలెయ్యండి.

నిజాంపేట కుర్రాడు | జనవరి 21, రాత్రి 9:05

రెండు వారాల రిపోర్టు. బుద్ధిగా 300 మీటర్లే. మొదటి రోజు ఏమీ అనిపించలేదు, ఇంత చిన్నదానికా ఇంత హడావిడి అనుకున్నాను. మర్నాడు పొద్దున మెట్లు దిగుతుంటే పిక్కలు రాళ్లయిపోయాయి. చివరికి రెయిలింగ్ పట్టుకుని వెనక్కి తిరిగి దిగాను. మూడో అంతస్తు ఆంటీ "ఏమైంది బాబూ" అని అడిగింది.

ఇప్పుడు ఆ నొప్పి లేదు. కుడికాలి బొటనవేలి కింద మాత్రం చిన్న నీటిబొబ్బ వచ్చింది. మడమెత్తుడు కుడి 19, ఎడమ 17.

గోదారి గట్టు | జనవరి 21, రాత్రి 9:40

బొబ్బ ఎక్కడ వస్తే తప్పు అక్కడ ఉన్నట్టండి. బొటనవేలి కింద వచ్చిందంటే నేలని వెనక్కి తోస్తున్నారు. వేలు నేల మీద రాసుకుపోతోంది. తొయ్యకండి, కాలు పైకి లాగండి. మడమ కింద వస్తే అడుగు ముందుకు చాస్తున్నట్టు. నా మొదటి ఏడాదిలో నాకు గురువు బొబ్బలేనండి.

గిల్లకండి, సూదితో పొడవకండి. దానంతటదే ఎండుతుంది. గట్టిపడిన తోలుని రాయితో మరీ అరగదీయకండి, పగుళ్లు రాకుండా రాత్రి కొబ్బరినూనె రాసుకుంటే చాలు. స్నానం చేశాక ఒక్క నిమిషం అరికాలు లైటు కింద పెట్టి చూసుకోండి. వానలో నానిన కాళ్లతో మాత్రం దూరం వద్దు, నానిన తోలు కాయితంలా చిరుగుతుంది.

గ్రౌండ్ అన్న | జనవరి 21, రాత్రి 10:02

ముల్లు విరిగి లోపల ఉంటే మా దిక్కు జిల్లేడు పాలు పోస్తరు. పైకి వస్తదని.

ఫిజియో అక్క | జనవరి 21, రాత్రి 10:10

అన్నా, ఆ సలహా ఇక్కడితో ఆపేద్దాం. జిల్లేడు పాలు అంటిన వేలితో కన్ను నలుపుకుంటే చూపుకే ఎసరు. సబ్బుతో కడగాలి, కాల్చిన సూదితోనో పట్టకారుతోనో తియ్యాలి, రాకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

గ్రౌండ్ అన్న | జనవరి 21, రాత్రి 10:12

సరే అక్కా. మా నాయనమ్మతోటి మీరే మాట్లాడుకోండి.

నిజాంపేట కుర్రాడు | ఫిబ్రవరి 8, ఉదయం 8:20

తిట్టకండి. ఇవాళ 5 కిలోమీటర్లు కొట్టేశాను!! ఉత్తకాళ్లతో. అసలు ప్లాన్ 800 మీటర్లే. పొద్దున చల్లగా ఉంది, రోడ్డు కొత్తగా వేశారు, నున్నగా ఉంది. 800 అయ్యేసరికి ఏమీ అనిపించలేదు. సరే ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ పోయాను. 31 నిమిషాలు. నా బూట్ల టైమింగ్ కంటే రెండు నిమిషాలు తక్కువ. బొబ్బ కూడా రాలేదు. గోదారి అన్నగారూ, మీరు మరీ భయపెట్టారు.

గోదారి గట్టు | ఫిబ్రవరి 8, ఉదయం 8:55

అభినందనలండి. ఇక పది రోజులు బూట్లు కూడా వేసుకోకుండా, పరుగే లేకుండా ఇంట్లో కూర్చోగలరా?

నిజాంపేట కుర్రాడు | ఫిబ్రవరి 8, ఉదయం 9:10

బుధవారం ఇంకోసారి చూద్దామనుకుంటున్నాను 🙂

నిజాంపేట కుర్రాడు | ఫిబ్రవరి 17, రాత్రి 11:30

అక్కా, గోదారి అన్నగారూ, ఎవరైనా ఉన్నారా? బుధవారం 4, శనివారం 5 కిలోమీటర్లు వెళ్లాను. ఆదివారం నుంచి ఎడమ పాదం పైన నొప్పి. అరికాలు కాదు, పైన. బూటు లేసు కట్టే చోటుకి కాస్త ముందు. పొద్దున తక్కువ, సాయంత్రానికి ఎక్కువ. పిక్కల నొప్పిలా రెండు రోజుల్లో పోతుందనుకున్నాను. పోలేదు. ఇవాళ కొంచెం ఉబ్బింది.

ఫిజియో అక్క | ఫిబ్రవరి 17, రాత్రి 11:42

కూర్చుని పాదం ఒళ్లో పెట్టుకో. చూపుడువేలు ఒక్కటి తీసుకుని, ప్రతి వేలి వెనక ఉన్న ఎముక వెంట మెల్లగా నొక్కుకుంటూ రా. నొప్పి అరచెయ్యి మేర పరుచుకుని ఉందా, వేలి మొన పట్టేంత చోటులోనే ఉందా?

నిజాంపేట కుర్రాడు | ఫిబ్రవరి 17, రాత్రి 11:49

బొటనవేలు పక్క వేలి వెనక. రూపాయి బిళ్లంత కూడా లేదు. అక్కడ నొక్కితే కళ్లలో నీళ్లొచ్చాయి. అటూ ఇటూ నొక్కితే ఏమీ లేదు.

ఫిజియో అక్క | ఫిబ్రవరి 17, రాత్రి 11:55

పరుగు ఆపెయ్యి. నడక కూడా తగ్గించు, గట్టి అడుగున్న బూట్లు వేసుకో. రేపు ఆర్థోని కలువు. ఇక్కడి నుంచి నేను ఖాయంగా చెప్పలేను గానీ, కండరం నొప్పి ఇలా వేలితో చూపించేట్టు ఉండదు. ఎముకలో సన్నటి చీలిక వస్తే ఇలా ఉంటుంది. సైనికులకి మార్చింగ్‌లో వచ్చేది ఇదే.

ఇంకో మాట. ఎక్స్‌రే తీసి బాగానే ఉంది అన్నారని మళ్లీ పరిగెత్తకు. మొదటి రెండు మూడు వారాల్లో ఈ చీలిక ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడదు.

నిజాంపేట కుర్రాడు | ఫిబ్రవరి 24, సాయంత్రం 6:30

అక్క చెప్పినట్టే జరిగింది. మొదట వెళ్లిన చోట ఎక్స్‌రే తీసి "ఏమీ లేదు, బెణికింది" అని పెయిన్ కిల్లర్ రాసి పంపించేశారు. ఆ రాత్రి మళ్లీ ఈ చర్చ చదివి ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లాను. పాదం పట్టుకుని వేలితో నొక్కి, ఎంఆర్ఐ రాశాడు. రెండో మెటాటార్సల్‌లో (రెండో వేలి వెనకుండే పొడుగు ఎముక) స్ట్రెస్ ఫ్రాక్చర్, అక్క చెప్పిన ఆ సన్నటి చీలికే. ఆరు వారాలు పరుగు బంద్, ముందు మూడు వారాలు పెద్ద బూటు లాంటి బెల్టు. ఎంఆర్ఐకే ఒక జత మంచి బూట్ల ఖర్చయింది.

డాక్టర్ ఏం అలవాటు మార్చారు అని అడిగితే మాల సంగతి చెప్పాను. "స్వామి మిమ్మల్ని నడవమన్నాడు, పరిగెత్తమనలేదు కదా" అన్నాడు.

గోదారి అన్నగారూ, జనవరి 7న మీరు రాసింది ఇవాళ మళ్లీ చదివాను. అలారం మూగబోయిందన్నారు. 800 మీటర్ల దగ్గర ఏమీ అనిపించలేదని నేను సంబరపడ్డది దాని గురించే.

బూటే ముద్దు | ఫిబ్రవరి 24, సాయంత్రం 7:00

త్వరగా కోలుకోండి. నేను చెప్పానుగా అని అననులెండి. నిజానికి ఇది బూట్లతో కూడా వస్తుంది. మూడేళ్ల క్రితం ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ కోసం దూరం ఒక్కసారిగా పెంచి నేనూ తెచ్చుకున్నాను. అప్పుడు నా కాళ్లకి ఉన్నవి కొట్లో అన్నిటికంటే మెత్తటి బూట్లు.

గోదారి గట్టు | ఫిబ్రవరి 24, రాత్రి 8:15

ఇన్నాళ్లకి మీరూ నేనూ ఒక్క మాట మీదకి వచ్చామండి. తమ్ముడూ, ఆరు వారాలు సైకిల్ తొక్కండి, ఈత వస్తే ఈదండి. ఎముక అతుక్కున్నాక మాట్లాడుకుందాం.

పెద్దాయన 58 | మార్చి 2, ఉదయం 10:15

ఫిజియో అమ్మాయికి ధన్యవాదాలు చెప్పుకోవాలి. ఆ దారం పరీక్ష చేయించుకున్నాను. కళ్లు మూసుకోమన్నారు. ఆనిస్తున్నాను, తెలిస్తే చెప్పండి అన్నారు. నేను ఊరుకుని కూర్చున్నాను, ఇంకా మొదలుపెట్టలేదు కాబోలు అనుకుని. కళ్లు తెరిచేసరికి పక్కనే ఉన్న మా ఆవిడ ముఖం మారిపోయి ఉంది. కుడి పాదంలో మూడు చోట్ల ఆనించారట.

ఇంటికొచ్చాక ఆవిడ నా పాత చెప్పులు తిరగేసి చూసింది. కుడి చెప్పులో డ్రాయింగ్ పిన్ను మొన లోపలికి వచ్చి ఉంది. ఎన్నాళ్ల నుంచి ఉందో తెలియదు. ఇప్పుడు ఎంసీఆర్ చెప్పులు (షుగర్ ఉన్నవాళ్ల కోసం చేసే మెత్తటి రబ్బరువి) వాడుతున్నాను. రోజూ రాత్రి అద్దంలో అరికాళ్లు చూసుకుంటున్నాను, ఆవిడ కూడా చూస్తుంది.

ఫిజియో అక్క | మార్చి 2, ఉదయం 10:40

బాబాయ్ గారూ, మీ పోస్టు మా క్లినిక్ గోడకి అంటిస్తాను. పేరు లేకుండా.

నిజాంపేట కుర్రాడు | ఏప్రిల్ 19, ఉదయం 7:45

బెల్టు తీశారు, డాక్టర్ పరిగెత్తొచ్చన్నాడు. ముందు బూట్లతో మూడు వారాలు మెల్లగా. మడమెత్తుడు ఇప్పుడు కుడి 27, ఎడమ 25. ఈ ఒక్క పనీ మానలేదు. నిన్న ఉత్తకాళ్లతో సెల్లార్‌లో రెండు రౌండ్లు, జనవరిలో మొదలుపెట్టిన చోటే. వాచ్‌మన్‌కి ముందే చెప్పి మొదలుపెట్టాను.

ఎండల్లో ఎలా? ఎనిమిదింటికే తారు కాలిపోతోంది.

బీచ్ రోడ్ భాను | ఏప్రిల్ 19, ఉదయం 8:10

ఐదున్నరకి లేవడమే. ఆలస్యమైతే రోడ్డు పక్కన తెల్ల గీత మీద పరిగెత్తండి, తారు కంటే అది చల్లగా ఉంటుంది. గీత అయిపోతే మాత్రం దేవుడే దిక్కు.

గోదారి గట్టు | ఏప్రిల్ 19, ఉదయం 8:30

ఎండాకాలం నేను పూర్తిగా మానను గానీ దూరం సగం చేస్తానండి. మధ్యస్తంగా కావాలంటే మనం స్కూల్లో పీటీకి వేసుకున్న తెల్ల కాన్వాస్ బూట్లు చాలు. అడుగు పల్చగా, మడమ ఎత్తు లేకుండా ఉంటాయి. కాకపోతే కాలు వాటిలో కూడా పని చేస్తుంది, కాబట్టి ఆ దూరాన్ని కూడా ఉత్తకాళ్ల లెక్కలోనే వేసుకోండి.

నిజాంపేట కుర్రాడు | అక్టోబరు 26, ఉదయం 6:40

ఎవరైనా ఈ చర్చ వెతుక్కుంటూ వస్తారని రాస్తున్నాను. ఇవాళ ఉత్తకాళ్లతో 2 కిలోమీటర్లు. ఆరు నెలలు పట్టింది. వారానికి రెండుసార్లు ఇంతే, మిగతా రోజులు బూట్లతో. ఈ ఏడాది ఇంతకంటే పెంచను. ఎడమ పాదం మీద ఆ ఎముక అతికిన చోట చిన్న గడ్డలా చేతికి తగులుతుంది. పరిగెత్తే ముందు దాన్ని ఒకసారి వేలితో నొక్కి చూసుకోవడం అలవాటైపోయింది.

కార్తీకం వచ్చింది, మళ్లీ మాల వేసుకుంటున్నాను. ఈసారి మా ఆఫీసు కుర్రాడు కూడా వేసుకుంటున్నాడు. నిన్నే అడిగాడు, "అన్నా, మాల తీశాక అలాగే పరుగు మొదలుపెడితే ఎలా ఉంటుంది?" అని.

గ్రౌండ్ అన్న | అక్టోబరు 26, ఉదయం 6:58

ఏం చెప్పినవ్ స్వామీ?

నిజాంపేట కుర్రాడు | అక్టోబరు 26, ఉదయం 7:03

గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడమన్నాను. తొమ్మిదికి ఆగిపోయాడు.